చెరువు కట్ట మీద కూర్చుని డైరీలో ఏం రాయాలి?

చెరువుకట్ట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది అల్లూరు దగ్గర ఒక పల్లె. కావలిలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను, రోజూ బస్సులో పోయి వస్తాను. ఈ సెమిస్టర్‌లో మా జువాలజీ మేడం అందరికీ ఒక పని ఇచ్చారు. ఎవరికి వాళ్ళు ఒక చోటు ఎంచుకోవాలి. వారానికి ఒకసారైనా అక్కడ అరగంట కూర్చుని, చూసింది ఒక నోట్సులో రాయాలి. చూసింది ఒక్కటే రాస్తే చాలదట, దాని మీద మన ఆలోచన కూడా రాయాలట. సెమిస్టర్ చివర ఆ నోట్సుకి మార్కులు ఉంటాయి.

నేను మా ఊరి చెరువు కట్ట ఎంచుకున్నాను. ఇంటికి దగ్గర. మా అవ్వ బర్రెను తోలుకొచ్చే దారి కూడా అదే, కాబట్టి సాయంత్రం పూట ఒక్కదాన్నే కూర్చున్నా ఇంట్లో ఏమీ అనరు.

మొదటి వారం ఇలా రాశాను: "సాయంత్రం చెరువు చాలా అందంగా ఉంది. పక్షులు ఆనందంగా ఎగురుతున్నాయి. చల్లటి గాలి వీస్తోంది. ప్రకృతి మనకు తల్లి వంటిది. దాన్ని మనం కాపాడుకోవాలి." మేడం దాని కింద ఎర్ర పెన్నుతో, "ఏ పక్షులు? ఎన్ని? ఏం చేస్తున్నాయి? ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" అని రాసిచ్చారు. ఆ చివరి ప్రశ్న నాకు అర్థం కాలేదు. నేను ఎక్కడున్నాను అంటే ఏం రాయాలి?

ఇంకో సంగతి. మా క్లాసులో ఉదయగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి కొండలు, అడవి ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి సెలవుల్లో పులికాట్ సరస్సు గురించి రాస్తానంటోంది. మా చెరువులో చూస్తే కొంగలు, గుర్రపు డెక్క, కట్ట మీద కంపచెట్లు (సర్కారు తుమ్మ). కొంగల్లో కూడా ఏది ఏదో నాకు పేర్లు తెలియవు. వారం వారం ఒకే చోట కూర్చుంటే కొత్తగా రాయడానికి ఏముంటుంది? ఇలాంటివి రాసిన అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి. నిజంగా బాగా రాయాలని ఉంది. మార్కుల టెన్షన్ కూడా ఉందనుకోండి.

నెల్లూరు టౌన్:

పేర్ల గురించి బెంగ పడకమ్మా. ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ వేసుకో. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళది, డబ్బులు కట్టక్కర్లేదు. పిట్ట సైజు, రంగు, ఎక్కడ కూర్చుంది అని అడిగి నాలుగైదు పేర్లు చూపిస్తుంది. కూత వినిపించినా చెబుతుంది. అదే సంస్థది ఈబర్డ్ అని ఇంకొకటి ఉంది. అందులో తేదీ, చోటు, ఎన్ని పక్షులు అని నమోదు చేస్తే నీ లెక్క శాస్త్రవేత్తలకి కూడా పనికొస్తుంది. నేను ఆదివారం పూట పెన్నా బ్యారేజీ వైపు పోయినప్పుడు అందులోనే ఎక్కిస్తుంటాను. మీ చెరువు పేరు మీద ఇంతవరకు ఎవరూ ఎక్కించకపోతే మొదటి లిస్టు నీదే అవుతుంది.

కందుకూరు మాస్టారు:

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో బయాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. పొదిలి, కనిగిరి, కందుకూరు వైపు బళ్ళలోనే ఎక్కువగా పనిచేశాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత ఇలాంటి నోట్సులు చాలా రాయించాను. అందుకే నీ ప్రశ్న చూసి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

యాప్ మంచిదే, వాడుకో. కానీ ఫోన్ తియ్యడానికి ముందే, పిట్ట ఎలా ఉంది, ఏం చేస్తోంది అని నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టు. పేరు దొరికిందంటే చాలామంది చూడటం అక్కడితో ఆపేస్తారు. పేరు తెలియని పిట్ట దగ్గరే మన కన్ను ఎక్కువసేపు పనిచేస్తుంది. "ముక్కు మూసినా మధ్యలో సందు కనపడే పెద్ద కొంగ, ఒళ్ళు బూడిద తెలుపు, రెక్క అంచు నలుపు" అని నువ్వు రాస్తే, అది నత్తగుల్ల కొంగ అని ఎవరైనా చెప్పగలరు. ఊరికే "కొంగ" అని రాస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఇప్పుడు అసలు సంగతి. నోట్సు తెరిస్తే రెండు పేజీలు కనపడతాయి కదా. ఎడమ పేజీలో కంటికి కనపడింది, చెవికి వినపడింది, చేతికి తగిలింది మాత్రం రాయి. తేదీ, టైము, ఎండా మబ్బా, గాలి ఎటు నుంచి, చెరువులో నీళ్ళు తూము దగ్గర ఏ మెట్టు దాకా ఉన్నాయి, ఇవి ప్రతిసారీ ఉండాలి. కుడి పేజీ నీది. అక్కడ నీకు వచ్చిన అనుమానం, గుర్తొచ్చిన మాట, పక్కింటాయన చెప్పింది, నువ్వు వేసుకున్న ఊహ, ఏదైనా రాసుకోవచ్చు. మీ మేడం "నువ్వు ఎక్కడున్నావు" అని అడిగింది ఈ కుడి పేజీ గురించే. "ప్రకృతి తల్లి వంటిది" అనే మాట ఎవరైనా రాయగలరు, చెరువు దగ్గరికి పోకుండా ఇంట్లో కూర్చుని కూడా రాయవచ్చు. నువ్వు ఆ సాయంత్రం ఆ కట్ట మీద కూర్చున్నందువల్ల మాత్రమే పుట్టిన ఆలోచన ఏదో అది కావాలి ఆమెకి.

అలాంటి ఆలోచన ఎలా పుడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. పొదిలి వైపు మా బడిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. ఇంట్లో మేకలు, గొర్రెలు. వాడికి చెరువు లేదు, తోట లేదు. "సార్, నేను మేకల్నే చూస్తాను" అన్నాడు. సరే అన్నాను. మేకలు ఏ చెట్టు ముట్టాయి, ఏది ముట్టలేదు అని రోజూ రాసేవాడు. జిల్లేడు ముట్టలేదు. కంపచెట్టు ఆకు వాసన చూసి వదిలేశాయి, కానీ కింద రాలిన కాయలు మాత్రం ఏరుకుని తిన్నాయి. ఇదంతా ఎడమ పేజీ. కొన్నాళ్ళకి కుడి పేజీలో ఒక వాక్యం రాశాడు: "మా దొడ్డి ఎరువు పోసిన చోట కంపమొక్కలు మొలిచాయి. ఎవరు నాటారు?" ఎవరూ చెప్పకుండానే వాడికి తట్టింది. మళ్ళీ పోయి పెంటికలు చిదిమి చూశాడు. లోపల గింజలు గట్టిగా అలాగే ఉన్నాయి. ఆ చెట్టు మన దేశానిది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. మన మెట్ట పొలాల్లో ఇంతలా అల్లుకుపోవడానికి పశువుల కడుపులో అరగకుండా బయటపడే ఆ గింజ ఒక పెద్ద కారణం. పుస్తకంలో చదివితే ఒక లైను. వాడికి మాత్రం అది సొంత ఆస్తి.

చూడు, వాడు ప్రకృతిని పొగడలేదు, తిట్టలేదు. ఒక ప్రశ్న రాసుకున్నాడు. ఆ ప్రశ్న వాణ్ణి మళ్ళీ దొడ్డి దగ్గరికి తీసుకుపోయింది. నా దృష్టిలో ఆలోచన రాయడమంటే ఇదే. మళ్ళీ పోయి చూడాలనిపించే ప్రశ్న ఒక్కటి దొరికితే ఆ వారం పేజీ బాగున్నట్టే.

ఇక ఒకే చోట కొత్తగా ఏముంటుంది అన్నావు. మన నెల్లూరు సీమలో ఏడాది మొత్తం వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది, ఈశాన్య రుతుపవనాల వల్ల. నువ్వు మొదలుపెట్టింది సరిగ్గా ఆ కాలంలో. ఇప్పటి నుంచి సంక్రాంతి దాకా మీ చెరువు ప్రతి వారం వేరే చెరువు అవుతుంది. నీళ్ళు పెరుగుతాయి, కట్ట కింద కయ్యల్లో (వరి మడుల్లో) బురద దున్నే దమ్ము మొదలవుతుంది, నారు పచ్చబడుతుంది. నీటి లోతు మారేకొద్దీ పిట్టలు చోటు మార్చుకుంటాయి. పొడుగు కాళ్ళవి ఒక చోట, పొట్టి కాళ్ళవి ఒక చోట, మునిగేవి ఇంకో చోట. అల్లూరు లాంటి మాగాణి సీమలో ఉండి, రాయడానికి ఏమీ లేదనుకోవద్దు. ఉదయగిరి కొండ మీద కూర్చున్న నీ స్నేహితురాలికి ఇన్ని మార్పులు ఇంత తొందరగా కనపడవు.

పిట్టలే రాయాలని కూడా లేదు. నిద్రగన్నేరు చెట్టు ఉంటే సాయంత్రం ఆకులు ముడుచుకోవడం ఏ టైముకి మొదలైందో రాయి, మబ్బు పట్టిన రోజు ముందే ముడుచుకుంటుందా అని చూడు. చింతచెట్టు కూడా ఆకు ముడుస్తుంది, రెంటిలో ఏది ముందు? తొలకరిలో ఎర్ర మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగు కనపడితే పట్టుకోకుండా కాళ్ళు లెక్కపెట్టు. ఎనిమిది ఉంటాయి. అంటే అది చీమ, మిడత జాతి కాదు, సాలీడుకి చుట్టం. ఇది నేను చెప్పడం వేరు, నువ్వు వంగి లెక్కపెట్టడం వేరు.

విన్న మాటని చూసిన మాటతో కలపవద్దు. గిజిగాడు గూట్లో మట్టి ముద్ద పెట్టి, దానికి మిణుగురు పురుగుని అంటించి దీపం పెట్టుకుంటుందని మన పల్లెల్లో చెబుతారు. గూటి లోపల మట్టి ముద్దలు ఉండే మాట నిజం. దీపం సంగతి ఎవరూ చూపించలేదు. "మా అవ్వ చెప్పింది" అని కుడి పేజీలో రాయి. తప్పకుండా రాయి, వదిలెయ్యవద్దు. పెద్దవాళ్ళ మాట కూడా ఒక సమాచారమే, ఎవరి నోటి నుంచి వచ్చిందో పక్కన ఉంటే చాలు.

ఈ సందర్భంలో నెల్లూరు వాళ్ళందరూ గుర్తుపెట్టుకోవలసిన ఒక విషయం ఉంది. 1840లలో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. మన దేశపు పక్షుల మీద అంత పని చేసినవాళ్ళు ఆ కాలంలో అరుదు. ఆయన పక్షుల తెలుగు పేర్లు, అలవాట్లు అడిగి తెలుసుకున్నది ఇక్కడి యానాది గిరిజనుల దగ్గర. కలివికోడిని శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చింది కూడా ఆయనే, అందుకే ఇంగ్లీషులో దానికి ఆయన పేరు ఉంది. 1900 తర్వాత ఆ పక్షి ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో లంకమల కొండల దగ్గర మళ్ళీ దొరికింది. అప్పుడు కూడా అది దొరికింది అక్కడి పొదలు ఎరిగిన ఒక స్థానికుడి చేతికే. మీ చెరువులో చేపలు పట్టేవాళ్ళని అడుగు. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఏది రాత్రి పూట మేస్తుందో వాళ్ళకి తెలిసినంత మన పుస్తకాలకి తెలియదు.

దొరవారిసత్రం నుంచి:

మాస్టారు చెప్పిన దానికి చిన్న మాట కలుపుతాను. మాది నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గర. 2022లో జిల్లాలు మారాక మేము తిరుపతి జిల్లాలోకి పోయాం, మనసు మాత్రం ఇంకా నెల్లూరే. చిన్నప్పటి నుంచి గూడబాతుల్ని (పెలికాన్లని) చూస్తూ పెరిగాను.

చెల్లెమ్మా, నీ స్నేహితురాలు పులికాట్ గురించి రాస్తుందని నువ్వు తక్కువ అనుకోవద్దు. మా దగ్గర చెరువులో కడప అనే రకం చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి, వాటి మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వానలు పడి చెరువు నిండితేనే వస్తాయి. కానీ మేతకి ఎక్కువగా పులికాట్ వైపు పోతాయి. గూడు ఒక చోట, అన్నం ఇంకో చోట. మీ చెరువులో సాయంత్రం ఎగిరిపోయే కొంగలు ఎటు పోతున్నాయో దిక్కు రాసుకో. తెల్లవారి ఎటు నుంచి వస్తున్నాయో రాసుకో. అవి రాత్రి నిద్రపోయే చోటు ఏ ఊళ్ళో ఉందో కొన్నాళ్ళకి నువ్వే చెప్పగలవు. ఏ ఊళ్ళో చింతచెట్టు మీదో, రావిచెట్టు మీదో ఉంటుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. గూళ్ళు కనపడితే దగ్గరికి పోవద్దు, ఫోటో కోసం అసలు పోవద్దు. మనిషిని చూసి తల్లి పక్షి లేచిందంటే ఆ రెండు నిమిషాల్లో కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది. లేదా పిల్లలకి ఎండ దెబ్బ తగులుతుంది. పండక్కి టూరిస్టులు వచ్చినప్పుడు కేకలు వేసి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. దూరంగా కూర్చో. కదలకుండా పావుగంట కూర్చుంటే అవే నిన్ను మర్చిపోతాయి. నువ్వు మంచి రంగు బట్టలు కాకుండా మట్టి రంగు చున్నీ వేసుకుంటే ఇంకా మంచిది.

చెరువుకట్ట అమ్మాయి:

మాస్టారు గారికి, అన్నకి, అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టు రెండు పేజీలుగా రాశాను. ఇక్కడ పెడుతున్నాను, దయచేసి చూసి చెప్పండి.

ఎడమ పేజీ:

"నవంబరు రెండో వారం, శనివారం. సాయంత్రం 4:50 నుంచి 5:30. మబ్బు, వాన లేదు. గాలి సముద్రం వైపు నుంచి. తూము మెట్లలో పైన మూడు మాత్రమే కనపడుతున్నాయి, పోయిన వారం ఆరు కనపడ్డాయి.

చెరువు మధ్యలో ఎండిన చెట్టు మోడు మీద నీటికాకులు నాలుగు. వాటిలో రెండు, రెక్కలు బార్లా చాచి కదలకుండా ఉన్నాయి. ఒకటి నీళ్ళలోకి దిగింది, మునిగింది, దూరంగా తేలింది, మళ్ళీ మోడు మీదికి వచ్చి అది కూడా రెక్కలు చాచింది.

కట్ట దిగువన కయ్యలో ట్రాక్టర్ దమ్ము చేస్తోంది. దాని వెనక తెల్ల కొంగలు ఇరవై దాకా. ట్రాక్టర్ మలుపు తిరిగితే అవి కూడా తిరుగుతున్నాయి. పక్క కయ్యలో ముక్కు మధ్య సందు ఉన్న కొంగలు తొమ్మిది. ఇవి ట్రాక్టర్ వెనక పోవడం లేదు. నెమ్మదిగా నడుస్తూ ముక్కు బురదలో పెట్టి ఏదో తీస్తున్నాయి. గట్టు మీద ఖాళీ నత్తగుల్లలు పడి ఉన్నాయి. చెరువు అంచున ఈ రకం కొంగ ఒక్కటి కూడా లేదు.

గట్టు మీద మట్టి రంగు కొంగ ఒకటి. నేను దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. లేచేసరికి రెక్కలు తెల్లగా ఉన్నాయి."

కుడి పేజీ:

"పోయిన వారం సందు ముక్కు కొంగలు చెరువు అంచునే ఉన్నాయి. ఈ వారం కయ్యలోకి వచ్చాయి. చెరువు నిండి అంచున లోతు ఎక్కువైందని వచ్చాయా, లేక దమ్ము చేసిన కయ్యలో నత్తలు పైకి తేలతాయని వచ్చాయా? దమ్ము అయిపోయి నాట్లు పడ్డాక ఎక్కడుంటాయో చూడాలి.

మట్టి రంగు కొంగ కూర్చుంటే మట్టి, ఎగిరితే తెలుపు. నేను ఇన్నేళ్ళు ఆ గట్టు మీద నడిచాను. ఎన్ని సార్లు దాని పక్క నుంచే పోయి ఉంటానో.

అవ్వ నా పక్కన కూర్చుంది. తను కాపురానికి వచ్చినప్పుడు చెరువులో తామరలు ఉండేవట, తామరాకుల్లో అన్నం తినేవాళ్ళట. ఇప్పుడు తూము పక్క అంతా గుర్రపు డెక్కే. అవ్వ చెప్పేటప్పుడు చెరువు వైపు కాకుండా నా నోట్సు వైపు చూస్తోంది. అవ్వకి చదువు రాదు. తను చెప్పింది నేను రాస్తున్నానని తెలిసి ఇంకా ఇంకా చెప్పింది."

సార్, అవ్వ సంగతి రాయవచ్చా? సైన్సు నోట్సులో ఇంటి విషయాలు ఏమిటి అంటారేమోనని భయంగా ఉంది.

కందుకూరు మాస్టారు:

తప్పకుండా రాయవచ్చు. అది కొట్టేశావంటే నాకు చాలా బాధగా ఉంటుంది. మీ చెరువులో తామర ఎప్పటిదాకా ఉందో చెప్పే రికార్డు ఏ ఆఫీసులోనూ దొరకదు, మీ అవ్వ దగ్గరే ఉంది. ఒక పని చెయ్యి. తామర ఎప్పుడు తగ్గింది, డెక్క ఎప్పుడు మొదలైంది అని ఏడాది అడిగితే పెద్దవాళ్ళు చెప్పలేరు. "నాన్న పెళ్ళికి ముందా తర్వాతా, పెద్ద తుపాను వచ్చిన ఏడా" అని అడుగు. దాన్ని బట్టి కాలం కట్టవచ్చు. ఇంకో ఇద్దరు ముసలివాళ్ళని విడిగా అడిగి, ముగ్గురి మాటలూ కలుస్తున్నాయో లేదో చూడు. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా మొక్క. నీటి పైభాగం మొత్తం కప్పేసి లోపలికి వెలుతురు పోనివ్వదు. అది కప్పిన చోట, కప్పని చోట ఏ పిట్టలు మేస్తున్నాయో వేరువేరుగా రాస్తే అవ్వ మాటకి, నీ చూపుకి ఒక లంకె కుదురుతుంది.

ఇప్పుడు నీ ఎడమ పేజీ. ఇందులో "ఆనందంగా" లాంటి మాట ఎక్కడా లేదు, చూశావా? నేను ఆ మాట తియ్యమని చెప్పకపోయినా అదే పోయింది. ఏం చేస్తున్నాయో రాయడం మొదలుపెడితే ఆ మాటకి చోటు ఉండదు.

నీటికాకి రెక్కలు చాచడం మంచి పరిశీలన. దాని ఈకలు బాతు ఈకల్లాగా నీటిని పూర్తిగా అడ్డుకోవు, కొంత తడుస్తాయి. తడవడం వల్లే తేలికగా మునగగలుగుతుంది, తర్వాత ఆరబెట్టుకోవాలి. ఇది చాలామంది ఒప్పుకున్నదే. అయినా నువ్వు ఎండ ఉన్న రోజుకి, మబ్బు రోజుకి ఎంతసేపు చాచి ఉంచుతుందో ఫోన్‌లో టైము చూసి రాయి. ఈసారి మబ్బు అన్నావు కదా, ఎండ రోజు లెక్క కూడా పక్కన పెట్టుకో.

నత్తగుల్ల కొంగల ప్రశ్న చాలా బాగుంది. రెండు కారణాలు రాసి, దేన్నీ ఖాయం చెయ్యకుండా, ఏం చూస్తే తేలుతుందో కూడా రాశావు. దమ్ము చెయ్యని కయ్యల్లో నీళ్ళు నిలిచి ఉంటే అక్కడ కూడా ఉన్నాయా లేదా చూడు. ఉంటే లోతు కారణం కావచ్చు. లేకపోతే దమ్ము వైపు మొగ్గు. ఇంకొకటి, వాటిల్లో పిల్ల పక్షులకి ముక్కులో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. మందలో సందు లేనివి కనపడితే, వేరే జాతి అనుకోకుండా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఆ ఏడు పిల్లలు ఎన్ని బతికాయో అంచనా వస్తుంది.

మట్టి రంగుది గుడ్డి కొంగ. పేరు తెలిసింది కదా అని ఇక వదిలెయ్యకు. ఎండాకాలం చివర, వానలు రాబోయే ముందు మళ్ళీ చూడు. జతకట్టే కాలంలో దాని వీపు ముదురు ఎరుపు తిరుగుతుంది. ట్రాక్టర్ వెనక పోయిన తెల్ల కొంగల్లో పశువుల కొంగలు ఉంటాయి, వాటికి ఆ రోజుల్లో తల, మెడ పసుపు ముద్ద అద్దినట్టు అవుతాయి. ఒకప్పుడు అవి గేదెల వెంట, నాగలి వెంట పోయేవి. ఇప్పుడు ట్రాక్టర్ వెంట. మీ ఊళ్ళో బర్రెలు మేసే చోట ఎన్ని, ట్రాక్టర్ వెనక ఎన్ని? అవ్వ బర్రె ఉంది కాబట్టి నీకు ఈ లెక్క సులువు.

బొమ్మలు వెయ్యడం రాదని మానుకోకు, మా పిల్లల్లో చాలామంది అలాగే అనేవారు. ముక్కు గీత ఒక్కటి గీసినా చాలు. గీయాలంటే మళ్ళీ తలెత్తి చూడాలి, బొమ్మ వల్ల లాభం అదే.

ఉలవపాడు తోట:

మాస్టారూ, ఒక రైతు మాట కూడా వినండి. అమ్మాయి తేదీతో పాటు కార్తె కూడా రాస్తే బాగుంటుంది. మా తోటలో మామిడి పూత ఎప్పుడు వచ్చిందో నేను గోడ క్యాలెండర్ మీదే రాసుకుంటాను, పాత క్యాలెండర్లన్నీ దాచాను. మా నాయన కార్తెల లెక్కలోనే చెప్పేవాడు. తిథులు ఏడాదికీ ఏడాదికీ ముందూ వెనకా జరుగుతాయి. కార్తె అలా కాదు, సూర్యుడి లెక్క. మృగశిర ఏటా జూన్ 7, 8లోనే వస్తుంది, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. అందుకని ఈ ఏడు స్వాతిలో చూసింది వచ్చే ఏడు స్వాతిలో చూసినదానితో నేరుగా పోల్చుకోవచ్చు. ఊళ్ళో పెద్దవాళ్ళని "విశాఖ కార్తెలో ఏ పిట్టలు వచ్చేవి" అని అడిగితే చటుక్కున చెబుతారు. నవంబరు అంటే కాస్త ఆలోచిస్తారు.

కందుకూరు మాస్టారు:

చాలా విలువైన మాట చెప్పారు. మా బళ్ళో కూడా బోర్డు మీద తేదీ పక్కన కార్తె రాయించేవాణ్ణి. అమ్మా, నీ నవంబరు రెండో వారం విశాఖ కార్తె అవుతుంది, మొదటి వరుసలో చేర్చు.

చెరువుకట్ట అమ్మాయి:

చేర్చాను సార్. ఈరోజు మేడానికి నోట్సు చూపించాను. అవ్వ చెప్పిన పేరా దగ్గర ఆగి, రెండుసార్లు చదివి, "ఇంకో ఇద్దరిని కూడా అడుగు" అన్నారు. మీరు చెప్పిందే అన్నారు! నత్తగుల్ల కొంగల ప్రశ్న క్లాసులో చదివి వినిపించారు. సూళ్లూరుపేట అమ్మాయి సెలవుల తర్వాత మా చెరువుకి వస్తానంది.

ఒక సందేహం మిగిలింది. ఏ వారమైనా పోయినప్పుడు ఏమీ కనపడకపోతే ఏం రాయాలి? నిన్న వాన పడుతుంటే గొడుగు వేసుకుని కూర్చున్నాను, ఒక్క కొంగ కూడా లేదు.

కందుకూరు మాస్టారు:

"ఒక్క కొంగ కూడా లేదు, వాన పడుతోంది, టైము ఇంత" అని రాయి. లేవు అన్నది కూడా లెక్కే. అవి వానలో ఎక్కడ తలదాచుకున్నాయన్నది కుడి పేజీకి ప్రశ్న. కానీ ఉరుములు మెరుపులు ఉన్న రోజున కట్ట మీదికి, చెట్టు కిందికి పోవద్దు. ఆ వారం ఇంటి వసారాలో కూర్చుని కప్పల అరుపులు రాయి, ఎన్ని రకాల గొంతులు వినపడుతున్నాయో విడదీసి చూడు.

ఉలవపాడు తోట:

చిన్నమ్మా, మీ చెరువు నిండి, మిగులు నీళ్ళు కలుజు మీదుగా పారిన రోజు తేదీ ఇక్కడ పెట్టు. మా మామిడికి మొదటి పూత కనపడగానే నేను కూడా తేదీ పెడతాను. పాత క్యాలెండర్లలో ఉన్నవి కూడా ఫోటో తీసి పంపుతాను, నీ నోట్సులో ఎక్కించుకో.